తెలుగు మాన్యువల్స్ రాయడానికి వీఎస్ కోడ్‌లో ఎక్స్‌టెన్షన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో మాదొక చిన్న టీమ్. రొయ్యల గుంటల దగ్గర పెట్టే ఆక్సిజన్ మీటర్లకీ, ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) కంట్రోలర్లకీ మాన్యువల్స్ రాస్తాం. రైతులకి తెలుగులో, సర్వీస్ కుర్రాళ్లకి ఇంగ్లిష్‌లో. రాసేది వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో, మార్క్‌డౌన్ అనే తేలికపాటి గుర్తుల పద్ధతిలో. ఎక్స్‌టెన్షన్లంటే ఆ ఎడిటర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు. కొత్తగా చేరినవాళ్లూ, ఒంగోలు, కావలి నుంచి ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్లూ అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతుంటే చివరికి ఇలా రాసిపెట్టాను. మెనూల పేర్లు, ఫైళ్ల పేర్లు తెలుగు లిపిలోనే రాశాను. ఎడిటర్‌లో వెతికేటప్పుడు మాత్రం వాటిని ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.

వర్డ్ ఉండగా ఈ తంటా దేనికి?

ఒకే మాన్యువల్, రాసేది ఒక్కరే అయితే వర్డ్ చాలు, నిజంగానే. మా కంట్రోలర్‌లో మూడు మోడళ్లున్నాయి. ముప్పాతిక భాగం మేటర్ మూడింటికీ ఒకటే. ఒక చోట దిద్దితే మూడు చోట్లా మారాలి, ఏ వాక్యం ఎవరు ఎప్పుడు మార్చారో తెలియాలి. వర్డ్ ఫైల్‌తో అది కుదరదు. మామూలు టెక్స్ట్ ఫైల్ అయితే గిట్‌లో (ఎవరు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే ప్రోగ్రామ్) పెట్టుకుని, మారిన లైన్ ఏదో కళ్లతో చూడొచ్చు.

మార్క్‌డౌన్ నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది?

ఒక పూట. హెడ్డింగ్‌కి ముందు #, జాబితాకి ముందు -, బోల్డ్‌కి అటూ ఇటూ రెండేసి నక్షత్రం గుర్తులు (**). జాన్ గ్రూబర్ దీన్ని 2004లో బయటపెట్టిందే మామూలు మనుషులు చదవగలిగేలా ఉండాలని. వందల పేజీల పుస్తకం, అధ్యాయాల మధ్య క్రాస్ రిఫరెన్సులు, సైడ్ నోట్లు కావాలంటే ఇలాంటిదే ఇంకో పద్ధతి, అస్కీడాక్ మేలు. మేము మార్క్‌డౌన్‌లోనే ఉండిపోయాం, ఇప్పటిదాకా దానివల్ల ఏ పనీ ఆగలేదు.

విజువల్ స్టూడియో, వీఎస్ కోడ్ ఒకటేనా?

కాదు. రెండూ మైక్రోసాఫ్ట్‌వే. మొదటిది ప్రోగ్రామర్లు వాడే పెద్ద సాఫ్ట్‌వేర్, అది మనకి అక్కర్లేదు. 2015లో వచ్చిన వీఎస్ కోడ్ ఉచితం, తేలిక. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. పొరపాటున మొదటిది డౌన్‌లోడ్ పెట్టి ఆ రోజుకి రావాల్సిన డేటా అంతా అయిపోగొట్టినవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు.

ఏ ఎక్స్‌టెన్షన్లు వేసుకోవాలి?

ముందు ఏదీ వేయకుండా ఒక రోజు రాసి చూడండి. మార్క్‌డౌన్ ప్రివ్యూ ఎడిటర్‌లోనే ఉంది. కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కితే ప్రివ్యూ వస్తుంది. కంట్రోల్, కె కలిపి నొక్కి వదిలేసి, తర్వాత వి ఒక్కటే నొక్కితే పక్కనే తెరుచుకుంటుంది.

ఆ తర్వాత మూడు చాలు. మార్క్‌డౌన్‌లింట్, రాసిన పద్ధతిలో తప్పులు చూపిస్తుంది. మార్క్‌డౌన్ ఆల్ ఇన్ వన్, విషయసూచిక తయారు చేస్తుంది, జాబితాల నంబర్లు సరిచేస్తుంది. కోడ్ స్పెల్ చెకర్, ఇంగ్లిష్ స్పెల్లింగ్ కోసం. నాలుగోది వేల్, దాని సంగతి కింద చెప్తాను. యూట్యూబ్‌లో ఇరవై ఎక్స్‌టెన్షన్ల జాబితాలు చూసి అన్నీ వేసుకునేవాళ్ల లాప్‌టాప్‌లు నా దగ్గరికే వస్తాయి, స్లో అయిపోయిందని.

పేరు కొడితే అదే పేరుతో పది వస్తున్నాయి. ఏది అసలుది?

కంట్రోల్, షిఫ్ట్, ఎక్స్ నొక్కి పేరు కొట్టండి. ఇన్‌స్టాల్ నొక్కే ముందు పబ్లిషర్ పేరు చూడండి. మార్క్‌డౌన్‌లింట్‌కి డేవిడ్ ఆన్సన్ అని, స్పెల్ చెకర్‌కి స్ట్రీట్ సైడ్ సాఫ్ట్‌వేర్ అని ఉంటుంది. డౌన్‌లోడ్లు లక్షల్లో ఉండాల్సినదానికి వందల్లో ఉంటే ఆగండి. ఎక్స్‌టెన్షన్ అంటే మీ కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామే. మీరు తెరవగలిగిన ఏ ఫైలైనా అదీ తెరవగలదు.

ఇంట్లో నెట్ సరిగా రాదు. ఆఫ్‌లైన్‌లో వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. ప్రతి ఎక్స్‌టెన్షనూ నిజానికి వీసిక్స్ అనే ఒక ఫైల్. నెట్ ఉన్న చోట దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. ఎక్స్‌టెన్షన్ల ప్యానెల్‌పైన మూడు చుక్కలు నొక్కితే ఇన్‌స్టాల్ ఫ్రమ్ వీసిక్స్ అని ఉంటుంది. ఒకసారి వేశాక పైన చెప్పిన మూడూ నెట్ లేకుండానే పనిచేస్తాయి. నేను పినాకినీ రైల్లో చెన్నై వెళ్లేటప్పుడు దారిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, మాన్యువల్ పని మాత్రం ఆగదు.

రాసిన ప్రతి లైన్ కిందా పసుపు గీతలు. ఏం తప్పు చేశాను?

బహుశా ఏమీ చేయలేదు. అవి మార్క్‌డౌన్‌లింట్ గీతలు. మౌస్ పెడితే ఎండీ అని మొదలయ్యే నంబర్ కనిపిస్తుంది. కంట్రోల్‌తో చుక్క నొక్కితే చాలావాటికి అదే దిద్దే దారి చూపిస్తుంది.

వినాల్సినవి కొన్నున్నాయి. ఎండీ 001 అంటే పెద్ద హెడ్డింగ్ తర్వాత మధ్యది వదిలేసి చిన్నదానికి దూకారని. ఎండీ 040 అంటే కోడ్ పెట్టిన చోట అది ఏ భాషో చెప్పలేదని. ఈ రెండూ దిద్దండి.

మాన్యువల్స్ రాసేవాళ్లకి తలనొప్పి ఎండీ 024. ఒకే హెడ్డింగ్ రెండుసార్లు రాకూడదంటుంది. మన మాన్యువల్లో ప్రతి అధ్యాయంలోనూ "హెచ్చరిక" ఉంటుంది, ఉండాలి కూడా. రూల్ మొత్తం ఆపేయకుండా, సిబ్లింగ్స్ ఓన్లీ అనే ఆప్షన్‌ని ట్రూ చేయండి. అప్పుడు ఒకే అధ్యాయం లోపల రెండు "హెచ్చరిక"లు వస్తేనే అరుస్తుంది. అది నిజంగా తప్పే కదా.

ఎండీ 013 లైన్ పొడవు గురించి, 80 అక్షరాలు దాటొద్దని. ఎడిటర్‌లోని ఎక్స్‌టెన్షన్ దీన్ని ముందే ఆపి ఉంచుతుంది. అదే మార్క్‌డౌన్‌లింట్‌ని సర్వర్‌లో కమాండ్‌తో నడిపితే ఆన్‌లో ఉంటుంది. అందుకే మీ దగ్గర అంతా శుభ్రంగా కనిపించి, అప్‌లోడ్ చేయగానే వందల తప్పులు వస్తాయి. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో లింట్ కాన్ఫిగ్ ఫైల్ పెట్టి అందులో 013ని ఫాల్స్ అని రాసేస్తే రెండు చోట్లా ఒకటే మాట.

అన్నట్టు, హెడ్డింగ్ చివర చుక్కో, కామానో ఉంటే ఎండీ 026 ఒప్పుకోదు కానీ ప్రశ్న గుర్తుని వదిలేస్తుంది. ఇలాంటి ప్రశ్నోత్తరాల పేజీలు రాసేవాళ్ల మీద దయ.

ఒత్తులు, గుడులు పైన కింద తెగిపోతున్నాయి.

లైన్ హైట్ చాలక. ఎడిటర్ లెక్కలు ఇంగ్లిష్ అక్షరం ఎత్తుకి తగ్గట్టు ఉంటాయి. "స్త్రీ" లాంటి అక్షరానికి పైనా కిందా చోటు కావాలి. సెట్టింగ్స్‌లో లైన్ హైట్ వెతికి 1.8 పెట్టండి. 8 కంటే తక్కువ అంకె ఇస్తే ఫాంట్ సైజుకి అన్ని రెట్లు అని అర్థం చేసుకుంటుంది.

ఫాంట్ ఫ్యామిలీలో ముందు మీ ఇంగ్లిష్ ఫాంట్, కామా పెట్టి తర్వాత నోటో శాన్స్ తెలుగు. విండోస్‌లో ఉండే నిర్మలా యూఐ అయినా బాగానే ఉంటుంది. ప్రివ్యూకి ఫాంట్, లైన్ హైట్ వేరే సెట్టింగులు, మార్క్‌డౌన్ ప్రివ్యూ అని వెతికితే దొరుకుతాయి.

టేబుల్‌లో నిలువు గీతలు వంకరటింకరగా వస్తున్నాయి.

రానీయండి. ఇంగ్లిష్ కోడింగ్ ఫాంట్‌లో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు. తెలుగులో "ఘ" వెడల్పూ "ర" వెడల్పూ ఒకటి కాదు. స్పేసులు కొట్టి సర్దాలని మా అమ్మాయొకరు ఒక సాయంత్రమంతా కూర్చున్నారు. ప్రివ్యూ తెరిస్తే మొదటినుంచీ గీతలు తిన్నగానే ఉన్నాయి.

తెలుగు కీబోర్డ్ పెట్టగానే షార్ట్‌కట్లు పనిచేయడం లేదు.

విండోస్‌లో విండోస్ కీతో స్పేస్ నొక్కితే కీబోర్డ్ మారుతుంది. షార్ట్‌కట్ కొట్టే ముందు ఇంగ్లిష్‌కి మార్చుకోవడమే సులువు. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ సిస్టమ్‌తోనే వస్తోంది, ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డ్ పద్ధతి రానివాళ్లకి అది హాయి. లినక్స్‌లో అయితే సెట్టింగ్స్‌లో కీబోర్డ్ డిస్పాచ్ అని వెతికి కీకోడ్‌కి మార్చి, ఎడిటర్ మూసి తెరవండి.

కళ్ల ముందు పదం ఉంది, వెతికితే లేదంటోంది. ఎడిటర్ చెడిపోయిందా?

ఎడిటర్ బాగానే ఉంది. తెలుగులో మాన్యువల్స్ రాసేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

"సెన్సర్‌ని" అని రాశాం. "ర్" దగ్గర పొల్లు విడిగా కనిపించాలి, "ని" దానికి ఒత్తుగా అతుక్కోకూడదు. ఆ రెంటి మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటేనే అలా విడిగా నిలబడుతుంది. అది లేకపోతే "సెన్సర్ని" అవుతుంది. చదివేవాళ్లకి రెండూ ఒకటే. కంప్యూటర్‌కి ఇవి రెండు వేర్వేరు పదాలు. కొన్ని కీబోర్డులు ఆ అక్షరాన్ని వాటంతటవే పెడతాయి, కొన్నిట్లో మనమే పెట్టాలి. కాబట్టి ఇద్దరు మనుషులు, రెండు కీబోర్డులు, ఒకే మాన్యువల్ అంటే ఈ గోల తప్పదు.

మాకు ఎలా తెలిసిందంటే, ఒకసారి మాన్యువల్ మొత్తంలో "సెన్సర్" తీసేసి "ప్రోబ్" పెట్టాలని నిర్ణయించాం, పరికరం మీద ఆ పేరే ఉంది కాబట్టి. "సెన్సర్ని" అని వెతికి అన్నీ మార్చేశాం, ఎడిటర్ కూడా ఇన్ని మార్చానని లెక్క చెప్పింది. ఇంకో కీబోర్డ్‌తో రాసిన రెండు అధ్యాయాలు అలాగే ఉండిపోయాయి. ప్రింటై వెళ్లాక ముత్తుకూరు వైపు రైతు ఒకాయన ఫోన్ చేశారు. "సార్, ప్రోబ్‌ని కడగమన్నారు, కడిగాను. తర్వాత సెన్సర్ని గుంటలోంచి తీయమన్నారు. ఆ రెండోది మాకు ఇయ్యలేదే?" అన్నారు. ఆయన అడిగినదాంట్లో తప్పేముంది.

ఇప్పుడు ఏం చేస్తామంటే: వెతికే పెట్టెలో చుక్క, నక్షత్రం ఉన్న రెగెక్స్ బటన్ నొక్కి, "సెన్సర్" తర్వాత బ్యాక్‌స్లాష్, యు, 200, సి అని ఖాళీ లేకుండా కొట్టి, చివర ప్రశ్న గుర్తు పెట్టి, ఆ వెంటనే "ని" కొడతాం. ప్రశ్న గుర్తుకి అర్థం, ఆ కనిపించని అక్షరం ఉన్నా సరే, లేకున్నా సరే అని. రెండు రకాలూ దొరుకుతాయి. ఇంకా సులువైన దారి, పదంలో మారని మొదటి భాగం "సెన్స" వరకే వెతకడం. మార్చే ముందు ఒక్కొక్కటీ కళ్లతో చూసుకోవాలి, అంతే.

ఫైళ్లకి తెలుగు పేర్లు పెట్టొచ్చా?

పెట్టకండి. "తెలుగు" అనే మాట యూనికోడ్‌లో ఆరు అక్షరాలు, ఒక్కోటి మూడు బైట్లు. వెబ్ లింక్‌లో పెడితే శాతం గుర్తులతో కలిపి 54 అక్షరాలవుతుంది. ఆ లింక్ వాట్సాప్‌లో పంపితే ఎవరూ నొక్కరు. ఫైల్ పేరు ఇంగ్లిష్‌లో చిన్న అక్షరాలతో, మధ్యలో హైఫన్‌తో. హెడ్డింగులు తెలుగులోనే ఉండనివ్వండి, కానీ విషయసూచికలోని ప్రతి లింకునీ పెట్టబోయే సైట్‌లో ఒకసారి నొక్కి చూసుకోండి. హెడ్డింగ్ నుంచి లింక్ తయారుచేసే పద్ధతి గిట్‌హబ్‌ది వేరు, గిట్‌ల్యాబ్‌ది వేరు. ఆల్ ఇన్ వన్‌లో స్లగిఫై మోడ్ అనే సెట్టింగ్ ఉన్నది అందుకే.

ముత్తుకూరు, వెనామీ అని ఇంగ్లిష్‌లో రాస్తే స్పెల్ చెకర్ నీలం గీత పెడుతోంది.

దానికి మన ఊళ్లు, మన రొయ్య రకాలు తెలియవు. పదం మీద కంట్రోల్‌తో చుక్క నొక్కి వర్క్‌స్పేస్ జాబితాలో చేర్చండి. యూజర్ జాబితాలో చేరిస్తే మీ ఒక్కరికే తెలుస్తుంది, పక్కవాళ్లకి మళ్లీ గీత వస్తుంది. తెలుగు పదాల కింద కూడా గీతలొస్తుంటే, తెలుగు లిపిని వదిలేయమని ఇగ్నోర్ సెట్టింగ్‌లో ఒక లైన్ రాయొచ్చు. తెలుగు యూనికోడ్ 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా.

వేల్ అంటే ఏమిటి? తప్పనిసరా?

ఒక్కరే రాస్తుంటే అక్కర్లేదు. ముగ్గురు దాటితే పెట్టండి. స్పెల్లింగ్ కాదు, ఇది మాట తీరు చూస్తుంది. "మోటారు" అని ఒకరు, "మోటర్" అని ఒకరు రాస్తే పట్టుకుంటుంది, ఏది మన మాటో మీరు రాసిపెడితే.

చాలామంది చిక్కుకునేది ఇక్కడ: ఎక్స్‌టెన్షన్ వేస్తే సరిపోదు. వేల్ అనే ప్రోగ్రామ్ కూడా కంప్యూటర్‌లో ఉండాలి, ఎక్స్‌టెన్షన్ దాన్ని పిలుస్తుందంతే. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో వేల్ కాన్ఫిగ్ ఫైల్ కూడా ఉండాలి. దానితో దొరికే మైక్రోసాఫ్ట్, గూగుల్ స్టైల్ ప్యాకేజీలు ఇంగ్లిష్‌కే. తెలుగుకి మనమే యామల్ అనే రకం టెక్స్ట్ ఫైల్లో సబ్‌స్టిట్యూషన్ రూల్ రాసుకోవాలి: ఎడమవైపు వద్దనుకున్న మాట, కుడివైపు కావాల్సిన మాట. రూల్ రాసినా తెలుగు పదాలు పట్టుకోకపోతే నాన్‌వర్డ్ అనే ఆప్షన్‌ని ట్రూ చేసి చూడండి. పదం ఎక్కడ ముగిసిందో ఇంగ్లిష్ లెక్కన చూడొద్దని దానికి చెప్పడమది. మా జాబితాలో మొదటి రూలే సెన్సర్, ప్రోబ్.

పాత మాన్యువల్ డీటీపీ సెంటర్‌లో చేయించాం. కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి.

అది అను ఫాంట్లలో చేసిందయి ఉంటుంది. ఆ పాత పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల మీదే తెలుగు బొమ్మలు తొడిగేవాళ్లు. ఫాంట్ తీసేస్తే కింద ఉన్న గుర్తులు బయటపడతాయి. ఏ ఎక్స్‌టెన్షనూ దీన్ని బాగుచేయదు. యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, అంకెలు కచ్చితంగా ఒకరు కూర్చుని చదవాలి. అంకెలు ముఖ్యం. డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) 4 పీపీఎం కంటే తగ్గితే ఏరేటర్ వేయమని రాసిన చోట 4 ఇంకోటి అయితే, తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోయే వేళకి గుంటలో రొయ్య మిగలదు.

స్క్రీన్‌షాట్లు ఎలా పెట్టాలి?

విండోస్ కీ, షిఫ్ట్, ఎస్ నొక్కి కావలసినంత కత్తిరించి, మార్క్‌డౌన్ ఫైల్లో పేస్ట్ చేయండి. 2023 నుంచి ఎడిటరే ఆ బొమ్మని ఫోల్డర్‌లో సేవ్ చేసి లింక్ రాస్తుంది, వేరే ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు. బొమ్మలన్నీ ఒకే ఫోల్డర్‌లోకి వెళ్లాలంటే కాపీ ఫైల్స్ డెస్టినేషన్ అనే సెట్టింగ్ ఉంది. ఇంకొకటి, మార్క్‌డౌన్ వ్యాలిడేట్ ఆన్ చేసుకోండి. పేరు మారిన బొమ్మ, చెరిగిపోయిన పేజీకి ఇచ్చిన లింక్ రాసేటప్పుడే బయటపడతాయి.

కరెంట్ పోయింది. సేవ్ చేయలేదు. పోయినట్టేనా?

టెన్షన్ పడకండి. ఎడిటర్ మళ్లీ తెరవండి, సేవ్ చేయని ఫైళ్లు చాలావరకు అలాగే తిరిగొస్తాయి. ఫైల్ మెనూలో ఆటో సేవ్ టిక్ పెట్టుకుంటే ఆ బెంగ కూడా ఉండదు. పాత రూపం కావాలంటే ఎడమ ప్యానెల్ అడుగున టైమ్‌లైన్ చూడండి. సేవ్ చేసినప్పుడల్లా ఒక కాపీ దాచి ఉంచుతుంది, ఫైల్‌కి 50 దాకా.

టీమ్ అందరికీ ఒకే సెటప్ ఎలా?

ఒక్కొక్కరి లాప్‌టాప్ దగ్గరికీ వెళ్లి చేస్తూ కూర్చోకండి, నేను ఒక ఏడాది అదే చేశాను. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో చుక్క వీఎస్‌కోడ్ అనే పేరుతో ఒక ఫోల్డర్ పెట్టి, అందులో రెండు ఫైళ్లు. సెట్టింగ్స్ ఫైల్లో ఫాంట్, లైన్ హైట్, స్పెల్ చెకర్ పదాలు. ఎక్స్‌టెన్షన్స్ ఫైల్లో కావలసిన ఎక్స్‌టెన్షన్ల పేర్లు. పక్కనే లింట్, వేల్ కాన్ఫిగ్‌లు. అన్నీ గిట్‌లోకి. కొత్తవాళ్లు ఫోల్డర్ తెరవగానే ఇవి వేసుకోమంటారా అని ఎడిటరే అడుగుతుంది. ఈ ఫోల్డర్‌ని నమ్ముతున్నారా అనీ అడుగుతుంది. మనదే కాబట్టి నమ్మొచ్చు, ఎవరో పంపిన ఫోల్డర్‌కి మాత్రం కళ్లు మూసుకుని యెస్ నొక్కకండి.

4 జీబీ ర్యామ్ లాప్‌టాప్. నత్తలా ఉంది.

కంట్రోల్, షిఫ్ట్, పి నొక్కి షో రన్నింగ్ ఎక్స్‌టెన్షన్స్ అని కొట్టండి. ఏది ఎంతసేపు తింటోందో కనిపిస్తుంది. కోడింగ్ కోసం వేసినవి అడ్డమైతే రాతకి వేరే ప్రొఫైల్ చేసుకుని అందులో ఆ మూడే ఉంచండి. క్రోమ్‌లో ముప్పై ట్యాబ్‌లు తెరిచి ఎడిటర్‌ని తిట్టొద్దు.

ప్రింట్‌కి పీడీఎఫ్ ఎలా?

మార్క్‌డౌన్ పీడీఎఫ్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. మొదటిసారి అది ఒక పూర్తి బ్రౌజర్‌నే దించుకుంటుంది, నెట్ నెమ్మదైతే అక్కడే ఆగిపోతుంది. మేము పాన్‌డాక్ అనే కన్వర్టర్‌తో వర్డ్ ఫైల్‌గా మార్చి, అక్కడ పేజీలు సరిచూసి పీడీఎఫ్ చేస్తాం. పాన్‌డాక్‌తో నేరుగా పీడీఎఫ్ చేయాలంటే జీలాటెక్ అనే పీడీఎఫ్ ఇంజిన్ ఎంచుకుని, తెలుగు ఫాంట్ పేరు ఇవ్వాలి, లేకపోతే తెలుగు ఉన్న చోటల్లా ఖాళీ వస్తుంది.

ప్రెస్‌కి వర్డ్ ఫైల్ ఇవ్వకండి, పీడీఎఫే ఇవ్వండి. ఫాంట్లు అందులోనే ఇమిడి ఉన్నాయో లేదో ఫైల్ ప్రాపర్టీస్‌లో చూసుకోండి. ఒకసారి వర్డ్ ఫైల్ ఇచ్చాం. వాళ్ల సిస్టమ్‌లో మా ఫాంట్ లేదు. అట్టలు వేసి, పిన్నులు కొట్టి, కట్టలు కట్టి ఆటోలో పంపించారు. కట్ట విప్పితే ప్రతి పేజీలోనూ వరసగా డబ్బాలు.